ఒకే కాగితం మీద చెట్టూ గోడా

మా వైపు పంచాయతీ పనుల నక్షాల్లో ఒక పాత అలవాటు ఉంది. సమాజ మందిరం, అంగన్‌వాడీ గది, నీళ్ళ ట్యాంకు, ప్రహరీ గోడ కొలతలతో సహా గీస్తారు. అంతా అయ్యాక ఖాళీ మిగిలిన చోటల్లా ఆకుపచ్చ పెన్నుతో సున్నాలు చుట్టి, పక్కన ‘వృక్షారోపణ’ అని రాస్తారు. అక్కడ వచ్చేది ఏ చెట్టు, ఎంత ఎత్తు పెరుగుతుంది, సాయంత్రం దాని నీడ ఎటు పడుతుంది, వేళ్ళు ఎందాకా పాకుతాయి, వేసవిలో నీళ్ళు ఎవరు పోస్తారు? ఆ కాగితంలో ఇవేవీ ఉండవు. దెగ్లూర్‌లో ప్లాన్లు గీసి బతికేవాణ్ణి కాబట్టి ఇలాంటి కాగితాలు నా బల్ల మీదికి వస్తూనే ఉంటాయి. చెట్టునూ గోడనూ ఒకే కాగితం మీద, ఒకే రోజున గీయాలని నేను గట్టిగా నమ్ముతాను. మా నల్లరేగడి నేలలో అయితే అది మరీ అవసరం.

మర్ఖేల్ మా తాలూకా ఊరే. నాందేడ్ జిల్లాలో దక్షిణపు కొస, ఇటు తెలంగాణ హద్దూ అటు కర్ణాటక హద్దూ దగ్గరే. 1956 నవంబరు 1న హైదరాబాద్ రాష్ట్రాన్ని పంచినప్పుడు అప్పటిదాకా దెగ్లూర్ తాలూకాలోనే ఉన్న బిచ్కుంద, జుక్కల్ సర్కిళ్ళను విడదీసి ఆంధ్రప్రదేశ్‌లో కలిపారు. మిగతా తాలూకా బొంబాయి రాష్ట్రానికి పోయింది. పెళ్ళి సంబంధాలూ సంతలూ పండుగలూ మాత్రం ఆ గీతను ఇప్పటికీ లెక్కచేయవు. తెలుగు, మరాఠీ, కన్నడ, ఉర్దూ ఒకే వాడలో వినబడే ఇలాంటి ఊరికి ఒక ఉమ్మడి తోట ఎలా ఉండాలి? సమాజ మందిరం, అంగన్‌వాడీ, నాలుగు కూరగాయల మళ్ళు, పెద్ద చెట్లు, నీళ్ళు, కూర్చునే చోటు అన్నీ కలిసిన తోట గురించి నేను చెబుతున్నాను. మర్ఖేల్‌ను మనసులో పెట్టుకుని రాస్తున్నా, ఇందులో ఎక్కువ భాగం నల్లరేగడి ఉన్న ఏ ఊరికైనా సరిపోతుంది.

ముందు నేల సంగతి. సోయాకూ కందికీ పత్తికీ ఎంత మేలు చేసే నేలో, గోడకు అంత కీడు చేస్తుంది. రేగడిలో మాంట్‌మోరిల్లోనైట్ అనే బంక ఖనిజం ఉంటుంది. తడిస్తే నీటిని తన పొరల మధ్యకు లాక్కొని ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోయి నెర్రెలు బారుతుంది. నాతో పనిచేసే మేస్త్రీ ఒకాయన దీన్ని నాకంటే బాగా చెబుతాడు: “ఎండకాలం నెర్రెల చెయ్యి వెడితే మోచెయ్యి దాంక పోతది సారూ. గసుంటి నేల మీద గోడ నిలవాలంటె నేలను ఒక్కతీరుగ ఉంచాలె. ఒక దిక్కు తడి, ఒక దిక్కు పొడి పెడితె ఇగ అంతే.” ఇంజనీర్లు చెప్పేదీ ఇదే. నేలలో తేమ ఏడాది పొడవునా మారుతూ ఉండే లోతు సుమారు మూడున్నర మీటర్లని లెక్కగట్టి, అంతకు దిగువన పట్టు దొరికేలా అడుగున ఉబ్బెత్తు ఉండే పైల్ పునాదిని రూర్కీలోని కేంద్ర భవన పరిశోధనా సంస్థ రూపొందించింది. ముంబయి ఐఐటీలో ఆచార్య ఆర్.కె. కట్టి, రేగడి మీద ఉబ్బని మట్టి పొర మందంగా పరిస్తే అడుగు నేల ఉబ్బు అదుపులోకి వస్తుందని చూపించారు. మన దగ్గర దొరికే మంచి మొరం ఆ పొరకు పనికొస్తుంది.

ఇప్పుడు తోట దగ్గరికి వద్దాం. పుస్తకాల్లోని బొమ్మల్లో గోడ వారనే పూల మడి ఉంటుంది. చూడ్డానికి బాగుంటుంది. రేగడిలో మాత్రం అది గోడకు శత్రువు. జనవరి నుంచి మే దాకా ఆ మడికి రోజూ నీళ్ళు పోస్తారు, గోడకు అటువైపు నేల మాత్రం ఎండి బిగుసుకుని ఉంటుంది. మేస్త్రీ వద్దన్న ఒక దిక్కు తడి, ఒక దిక్కు పొడి ఇదే. అందుకని కట్టడం చుట్టూ కనీసం మీటరున్నర వెడల్పున మొరం కొట్టి, పైన షాబాద్ బండలు బయటికి వాలుగా పరవాలి. ఆ బండల మీదే పిల్లలు చెప్పులు విడుస్తారు, ఆడవాళ్ళు కూర్చుని ఆకుకూర తుంచుతారు. అక్కడ ఒక్క మొక్క కూడా వద్దు.

పెద్ద చెట్టుతో వచ్చే ఇబ్బంది దీనికి తలకిందులు. వేప, రావి, మర్రి వేసవిలో నేల లోతులోని తేమను పీల్చేస్తాయి. ఆ వైపు నేల కుంగి, గోడ మూల నుంచి కిటికీ దాకా ఏటవాలుగా పగులు పడుతుంది. చెట్టు పెరిగి ఎంత ఎత్తు అవుతుందో కనీసం అంత దూరాన నాటాలన్నది నేను పాటించే లెక్క. మరి చెట్టును అంత దూరం జరిపితే కట్టడానికి నీడ ఎక్కడిది అని అందరూ అడుగుతారు. దానికి జవాబు సూర్యుడి దారిలో ఉంది, అది ఈ మొత్తం వ్యవహారంలో నాకు చాలా ఇష్టమైన భాగం.

మా తాలూకా పద్దెనిమిదిన్నర డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర ఉంది. మే మధ్యలో ఒకసారి, జులై చివర ఒకసారి మధ్యాహ్నపు సూర్యుడు సరిగ్గా మన నడినెత్తి మీదికి వస్తాడు. ఆ రెంటి మధ్య రెండున్నర నెలలూ మధ్యాహ్నం వేళ మనకు కాస్త ఉత్తరానే ఉంటాడు. నడి మధ్యాహ్నం ఎండ భారమంతా కప్పు మీదే, గోడల మీద పెద్దగా పడదు. గోడలను కాల్చేది సాయంత్రపు పడమటి ఎండ. మే మధ్యలో నాలుగింటికి సూర్యుడు సుమారు 38 డిగ్రీల ఎత్తులో ఉంటాడు. అప్పుడు 30 అడుగుల చెట్టు నీడ 38 అడుగులు పడుతుంది. అంటే గోడకు 30 అడుగుల దూరంలో ఉన్న చెట్టు, పునాదిని ముట్టకుండానే, నాలుగింటికి గోడ మీద ఆరడుగుల ఎత్తు దాకా నీడ పరుస్తుంది. నాలుగున్నరకల్లా పన్నెండు అడుగుల గోడ మొత్తం నీడలోకి వస్తుంది. పునాదిని కాపాడే దూరమూ గోడకు నీడనిచ్చే దూరమూ ఒకటే అవుతున్నాయి. ఆ వేళ సూర్యుడు నిక్కచ్చి పడమర కంటే పది డిగ్రీలు ఉత్తరాన ఉంటాడు కాబట్టి చెట్ల వరుసను కూడా కొద్దిగా ఉత్తరానికి జరిపి నాటాలి. వేప, కానుగ ఈ వరుసకు సరిగ్గా సరిపోతాయి. కానుగ వేసవిలోనే కొత్త ఆకు తొడిగి పచ్చగా నిలబడుతుంది.

నాలుగు కాకముందు సంగతి పందిరి చూసుకోవాలి. పాదు గోడకు ఎనిమిది అడుగుల అవతల, పందిరి గుంజలూ అక్కడే. తీగ మాత్రం కంబాల మీదుగా గోడ దాకా పాకి వస్తుంది. వేళ్ళు దూరంగా, ఆకులు దగ్గరగా. వానాకాలంలో బీర, కాకర, సొర, చలికాలంలో చిక్కుడు. వేసవికి ఒక మూల నుంచి రాధామనోహరం శాశ్వతంగా ఎక్కించి ఉంచాలి. అంగన్‌వాడీ పిల్లలు ఆ పందిరి కింద తింటారు, ఆ పందిరి కాయలే తింటారు.

కేరళలో వాస్తుశిల్పి లారీ బేకర్ (1917–2007) తిరువనంతపురంలో కట్టిన అభివృద్ధి అధ్యయన కేంద్రం ఫోటోలు చూసిన వాళ్ళకు నేను చెప్పేది వెంటనే అర్థమవుతుంది. గుట్ట వాలును చదును చేయకుండా, ఉన్న చెట్లను కొట్టకుండా వాటి మధ్యగా గదులను వంచి తీసుకుపోయాడాయన. ఇటుక జాలీ గోడల్లోంచి గాలీ ఆకుల వెలుగూ లోపలికి వస్తాయి. బేకర్ పద్ధతిని అలాగే రేగడిలోకి తెచ్చుకోలేం. అక్కడ చెట్టు పక్కనే గోడ లేపాడు, ఇక్కడ అది కుదరదు. తెచ్చుకోవలసింది చెట్టును చూశాకే గోడ ఎక్కడో తేల్చుకునే ఆ క్రమాన్ని.

నీళ్ళ విషయంలో మా పక్క జిల్లా అనుభవం అందరికీ గుర్తుండే ఉంటుంది. 2016 ఏప్రిల్ 12న లాతూర్‌కు మిరజ్ నుంచి రైల్లో తాగునీళ్ళు తెచ్చారు. అలాంటి చోట తోట మాట ఎత్తితే ఎవరైనా నీళ్ళేవీ అని అడుగుతారు, అడగాలి కూడా. నాందేడ్ వైపు ఏడాదికి సుమారు 900 మిల్లీమీటర్ల వాన పడుతుంది. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన అంటే ఒక లీటరు. సమాజ మందిరమూ అంగన్‌వాడీ కలిపి కప్పు 100 చదరపు మీటర్లు అనుకుందాం. ఆవిరయ్యేది, చిందేది, మొదటి వానకు కడిగి వదిలేసేది పోగా ఎనభై శాతం దక్కినా 72 వేల లీటర్లు. నవంబరు నుంచి మే దాకా ముప్పై వారాలకు పంచితే వారానికి 2,400 లీటర్లు. ఎనభై మొక్కలకు వారానికి రెండుసార్లు, ఒక్కోదానికి పదిహేను లీటర్లు. తోట మొదటి మూడేళ్ళు బతకడానికి అది చాలు, ఆ తర్వాత పెద్ద చెట్లు తమ దారి తాము చూసుకుంటాయి.

అంత నీరూ నిలవ చేయాలంటే ఆరు మీటర్ల పొడవు, ఆరు మీటర్ల వెడల్పు, రెండు మీటర్ల లోతు తొట్టి కావాలి. అంత ఖర్చు పెట్టలేని ఊరు సగానికి కట్టుకుని, మిగతా నీటిని వడపోత గుంట మీదుగా ఊరి బావిలోకి దింపాలి. తొట్టి కట్టేటప్పుడు ఒక వైపు మెట్లు పెట్టమని నేను పట్టుబడతాను. మెట్లుంటే మనుషులు కూర్చుంటారు, మనుషులు కూర్చున్న చోట చెత్త వేయడానికి వెనకాడతారు. హైదరాబాద్‌లో బన్సీలాల్‌పేట మెట్లబావి చెత్తతో పూడిపోయి ఏళ్ళ తరబడి పడి ఉండేది. కల్పనా రమేశ్, ఆమె నడిపే రెయిన్‌వాటర్ ప్రాజెక్టు వాళ్ళు నగరపాలక సంస్థతో కలిసి పూడిక తీసి, రాళ్ళు మళ్ళీ నిలబెట్టి, 2022 డిసెంబరులో దాన్ని జనానికి తెరిచారు. ఇప్పుడక్కడికి మనుషులు ఊరికే కూర్చోవడానికి కూడా వస్తారు. నీళ్ళూ రాయీ కూర్చునే చోటూ ఒకటిగా కట్టడం మన పెద్దలకు తెలిసిన విద్యే. మా తాలూకాలోని హొట్టల్‌లో చాళుక్యుల నాటి సిద్ధేశ్వరాలయం అరుగు మీద ఎండవేళ కూర్చుంటే ఆ రాతి పనివాళ్ళు నీడకు ఎంత విలువ ఇచ్చారో ఒంటికి తెలుస్తుంది.

ఇక మనుషుల సంగతి. ఉమ్మడి తోటలు ఎండిపోయేది నీళ్ళు లేక అనుకుంటాం. నేను చూసినంతలో, రోజూ అక్కడికి వచ్చే పని ఎవరికీ లేకపోవడం వల్లే ఎక్కువ ఎండిపోతాయి. న్యూయార్క్ నగరంలో సౌత్ బ్రాంక్స్ అనే పేదల వాడ ఉంది. 1970లలో అక్కడ ఇళ్ళు కాలిపోయి, కూలిపోయి ఖాళీ స్థలాలు మిగిలాయి. ప్యూర్టోరికో నుంచి వలస వచ్చిన కుటుంబాలు ఆ శిథిలాలు తొలగించి కూరగాయలు వేసుకున్నాయి. మళ్ళ మధ్య తమ పల్లెల్లో ఉండేలాంటి చిన్న చెక్క ఇల్లు, ముందు వసారాతో, కట్టుకున్నాయి. దాన్ని కసీతా అంటారు. రింకోన్ క్రియోల్లో అనే కసీతా వాటిలో పేరున్నది. వసారాలో డప్పులు వాయిస్తారు, వండుకుంటారు, ముసలివాళ్ళు పిల్లలకు పాటలు నేర్పుతారు. పాట కోసం వచ్చినవాళ్ళు పనిలో పనిగా మొక్కకు నీళ్ళు పోసి వెళ్తారు. తోట బతకడానికి వసారా ఎంత అవసరమో అంత దూరంలో ఉన్న వాళ్ళు మనకు చూపించారు.

హద్దు అవతల తెలంగాణలో 2019 సెప్టెంబరులో పల్లె ప్రగతి అనే ప్రభుత్వ కార్యక్రమం మొదలైంది, ఆ తర్వాత ఊరూరా పల్లె ప్రకృతి వనాలు వచ్చాయి. ఊరికో జాగా ప్రత్యేకించి చెట్ల కోసం కేటాయించడం చిన్న విషయం కాదు, మా మహారాష్ట్ర ఊళ్ళకూ అలాంటిది రావాలని కోరుకుంటాను. కానీ చాలా చోట్ల దొరికిన జాగా ఊరి చివరే దొరికింది. బడికీ అంగన్‌వాడీకీ రేషన్ దుకాణానికీ వెళ్ళే దారిలో లేని వనానికి పనిగట్టుకుని వెళ్ళాలి. ఊరి గైరాన్‌లో, అంటే ఉమ్మడి మేత భూమిలో, జాగా వెతికేటప్పుడు నేను విస్తీర్ణం కంటే ముందు దారి చూస్తాను. పొద్దున బిందెతో, మధ్యాహ్నం పలకతో, సాయంత్రం కర్రతో మనుషులు ఏ దారిన నడుస్తారో ఆ దారి తోటలోంచే పోవాలి. అర ఎకరమైనా చాలు.

ఊరు నాలుగు భాషలదైతే తోట కూడా అన్ని పండుగలకూ చోటివ్వాలి. దసరా నాడు తెలంగాణ వైపు వాళ్ళు జమ్మి ఆకు ఇచ్చిపుచ్చుకుంటారు. మరాఠీ ఇళ్ళలో ఆప్టా ఆకును బంగారమని పంచుతారు, మనం ఆరె అనే చెట్టే అది. ఈ రెండూ పెద్దగా ఎత్తు పెరగని చెట్లు, ఎండకు ఓర్చుకుంటాయి. సమాజ మందిరం ముందు ఆ రెంటినీ పక్కపక్కనే నాటాలి. ఏటా ఆకు కోసం కొమ్మలు విరుస్తారు కాబట్టి జమ్మి రెండు, ఆరె రెండు ఉంటే మంచిది. జ్యేష్ఠ పౌర్ణమి నాడు వటపూర్ణిమకు మరాఠీ ఆడవాళ్ళు మర్రికి దారం చుడుతూ ప్రదక్షిణ చేస్తారు. మర్రి చుట్టూ మూడడుగుల ఎత్తు కట్ట కట్టేస్తే మాను అందదు. కట్టను మాను నుంచి ఐదడుగుల దూరంగా గుండ్రంగా కట్టి లోపల నడవడానికి జాగా వదలాలి, ఒక చోట రెండు మెట్లు పెట్టాలి. అప్పుడు పండుగ నాడు లోపల ప్రదక్షిణ జరుగుతుంది, మామూలు రోజుల్లో బయట కూర్చుంటారు. పొలాల అమావాస్యకు ఎడ్లను అలంకరించి తెస్తారు, ఎడ్లు తిరగాలంటే చెట్లు లేని చదును కావాలి. బతుకమ్మ ఆడేదీ అదే చదునులో. మెట్ల తొట్టి పక్కనే ఆ చదును ఉంటే సాగనంపడానికి నీళ్ళు దగ్గర. తంగేడు, గునుగు హద్దు కంచె వారన వదిలిపెడితే వాటంతట అవే వస్తాయి. వాటిని కలుపు అని పీకించకుండా చూసుకోవడమే పని.

కూరగాయల మళ్ళ గురించి క్లుప్తంగా చెబుతాను. రేగడిలో వానాకాలం నీళ్ళు నిలిచి వేళ్ళు కుళ్ళుతాయి కాబట్టి మళ్ళు నేల కంటే ముప్పావు అడుగు ఎత్తుగా ఉండాలి. వెడల్పు నాలుగడుగులు, రెండు వైపుల నుంచీ చెయ్యి అందాలి. మళ్ళ మధ్య దారులకు మొరమే, లేకపోతే జులైలో చెప్పులకు అంటిన మట్టితో ఎవరూ లోపలికి రారు. పుంటికూర, మెంతి, పాలకూర, తోటకూర, వంకాయ, టమాట చాలు. ఒక మడిని మోకాలి ఎత్తు రాతి కట్టుతో కట్టి, అంచు మీద కూర్చుని పని చేసుకునేలా ముసలివాళ్ళకు వదలాలి. మా రాష్ట్రపు బళ్ళలో పరసబాగ్, అంటే పెరటి తోట, వేసే అలవాటు ఉంది, టీచర్లకు ఈ పని కొత్త కాదు. మేకలు రాకుండా వాక్కాయ, గోరింట కలిపి దట్టంగా కంచె వేయాలి. అది కాయా ఇస్తుంది, పండుగకు చేతులూ పండిస్తుంది.

మొక్కల పొందిక కళ్ళారా చూడాలనుకున్నవాళ్ళు జహీరాబాద్ వైపు వెళ్ళాలి. బిడకన్నెలో నర్సన్న, పద్మ కొప్పుల దంపతుల అరణ్య సంస్థ పర్మాకల్చర్ క్షేత్రం ఉంది. 1978లో ఆస్ట్రేలియాలో బిల్ మాలిసన్, డేవిడ్ హోమ్‌గ్రెన్ పుస్తకంగా తెచ్చిన ఆలోచన అది. ఇంటికి దగ్గరగా రోజూ చెయ్యి పడేవి, దూరం జరిగేకొద్దీ తక్కువ చూపు అవసరమయ్యేవి ఉంచుతూ, ఇంటినీ నీటినీ చెట్టునూ ఒకేసారి ప్లాన్ చేస్తారు. 2017 నవంబరులో అంతర్జాతీయ పర్మాకల్చర్ సభలు హైదరాబాద్‌లో జరిగాయంటే దానికి అరణ్య వాళ్ళే పూనుకున్నారు. అయితే జహీరాబాద్ చుట్టూ ఎర్ర నేలలు ఎక్కువ. అక్కడ వాలుకు అడ్డంగా తీసే కందకాల్లో వాన నీరు చకచకా ఇంకిపోతుంది. అదే కందకం మా రేగడిలో కట్టడానికి ఎగువన తీస్తే నీరు వారాల తరబడి నిలిచి పునాదిని ఉబ్బిస్తుంది. ఇక్కడ కందకాలు కట్టడానికి దిగువనే ఉండాలి.

ఏ పని ఎప్పుడు అన్నదానికి నా దగ్గర ఒక క్రమం ఉంది. మహారాష్ట్రలో జనవరి 26న గ్రామసభ ఉంటుంది. సమాజ మందిరం, అంగన్‌వాడీ, చెట్లు, తొట్టి, దారులు అన్నీ ఉన్న ఒకే కాగితాన్ని ఆ రోజు గోడకు అతికించాలి. ఏప్రిల్‌లో జాగా మీద ముగ్గుపిండితో గోడలూ దారులూ చెట్ల గుండ్రాలూ నిజం కొలతలతో గీయాలి. అంగన్‌వాడీ తాయినీ నీళ్ళకు వెళ్ళే ఆడవాళ్ళనూ ఎడ్లు ఉన్న రైతులనూ అందులో నడిపించాలి. ఎక్కడ అడ్డం తగులుతుందో వాళ్ళే చెబుతారు, కాగితం మీద చెరిపి మళ్ళీ గీయడానికి ఖర్చేమీ లేదు. మే 1 గ్రామసభలో మార్పులు ఖరారు చేసి, ఆ నెలలోనే పడమటి వరుసకు గుంతలు తీసి ఎండనివ్వాలి. మృగశిర కార్తె దాటి రెండు మంచి వానలు పడ్డాక వేప, కానుగ, మర్రి నాటాలి. కట్టడానికి నిధులు రావడానికి ఎటూ ఏడాదో రెండేళ్ళో పడుతుంది. పునాది తవ్వే వేళకు చెట్లు మనిషి ఎత్తు దాటి ఉంటాయి, మేస్త్రీలు మధ్యాహ్నం సద్ది విప్పుకోవడానికి నీడ కోసం వెతుక్కోనక్కర్లేదు. ఎస్టిమేటులో మాత్రం ఒక పద్దు మరిచిపోకుండా రాయించాలి: మూడు వేసవులు నీళ్ళు పోసే మనిషి కూలి. సిమెంటు, కంకర, ఇసుక పద్దుల పైన, మొదటి వరుసలో.